కొసరుగా వచ్చిన పగడం

సముద్రాన్ని గుంటకతో దున్నిన మనిషి నాకు తెలుసు. మా మైదుకూరులోనే ఉంటాడు.

ఈ మాట చెప్పిన ప్రతిసారీ వినేవాళ్లు ముందు నా ముఖం చూస్తారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. సరే, కొంచెం తగ్గిస్తాను. సముద్రం మొత్తం లేదు. నాలుగడుగుల గాజుతొట్టిలో పట్టినంతే ఉంది. గుంటకను లాగడానికి ఎద్దులు కూడా లేవు. గడ్డం గీసుకునే బ్లేడును అల్యూమినియం కడ్డీకి బిగించి చేసిన గుంటక అది. కానీ దున్నడం మాత్రం నిజం. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, టీ తాగుతూ చూశాను.

ఆ మనిషి పేరు ధనుంజయ. కర్నూలు రోడ్డులో ఎరువులు, పురుగుమందుల అంగడి ఆయనది. రైతు ఒక వాడిన ఆకు తెచ్చి బల్ల మీద పెడితే చాలు, దాన్ని వేళ్లతో నలిపి, వాసన చూసి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఏ డబ్బా తీయాలో చెప్పేవాడు. ముఖ్యంగా కలుపు విషయంలో ఆయన మాటకు ఎదురు లేదు. తుంగ, గరిక, వయ్యారిభామ, దేనికేది విరుగుడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. మందు ఎక్కువ పోసుకుని పైరు మాడ్చుకున్న రైతును తిట్టినంతగా సొంత కొడుకును కూడా తిట్టి ఉండడు. ఇక తాను పొరపడ్డానని ఆయన ఒప్పుకోగా మైదుకూరులో విన్నవాళ్లెవరూ లేరు. నాకు తెలిసి కడపలోనూ లేరు.

రెండువేల ఆరులో పురుగుమందుల కంపెనీ ఒకటి డీలర్లందరినీ చెన్నైకి పిలిచి మీటింగు పెట్టింది. హోటల్లోకి అడుగుపెట్టగానే ధనుంజయకు ఒక గాజుతొట్టి కనబడిందట. అందులో సముద్రపు నీళ్లు, రంగురంగుల చేపలు, రాళ్ల మీద పువ్వుల్లా విచ్చుకున్న పగడాలు. మీటింగు జరుగుతుంటే మా వాడు బయట ఆ తొట్టి ముందు కూర్చుండిపోయాడు. భోజనాలకు కూడా లేవలేదని తోటి డీలర్లు చెప్పారు. భోజనం వదులుకున్నాడంటే నేను నమ్మను కానీ, మిగిలినదంతా నమ్ముతాను.

ఊరికి వచ్చీ రాగానే తనకూ అట్లాంటి తొట్టి కావాలన్నాడు.

"ఏమప్పా, ఇదేం పిచ్చి నీకు? సముద్రం యాడ, మైదుకూరు యాడ?" అన్నాను.

"మామా, పొద్దున అంగడి తెరిస్తే మాపటి దాకా నేనమ్మేదంతా చంపే మందే. పురుగుకు మందు, గడ్డికి మందు, ఎలుకకు మందు. ఒక్కటన్నా నా చేత్తో బతికిచ్చుకోవద్దా?"



తొట్టి వచ్చింది. నడవలో కిటికీ పక్క మూల, ధనుంజయ భార్య రాజ్యలక్ష్మమ్మ కుట్టుమిషను ఉండే చోట దాన్ని పెట్టారు. మిషను వెనక వసారాలోకి, బియ్యం మూటల పక్కకి పోయింది. వీధిలో సగం మంది ఆడవాళ్ల రవికెలు ఆ మిషను మీదే తయారయ్యేవి. వసారాలో వెలుతురు చాలక ఆమె సూదిలో దారం ఎక్కించడానికి పెరట్లోకి నడిచి వెళ్లాల్సి వచ్చేది. వెళ్లిన ప్రతిసారీ నడవలోకి వినబడేటట్టు ఒక మాట అనేది.

"ఊర్లో తాగేనీళ్లకే క్యాన్లు కొనుక్కుంటాండాము. ఈయన ఆ క్యాన్లు కొని, వాటిల్లో ఉప్పు కలుపుతాండారు. అన్నా, నువ్వు చదువుకున్నోనివి గదా, దీన్నేమంటారో చెప్పు."

"రీఫ్ అంటారమ్మా" అన్నాను.

"మనకు విసనకర్ర, చేపలకు ఇన్వర్టరు. దీన్ని గూడా రీఫ్ అనే అంటారా?"

పగడమంటే మాకు అంతవరకూ తెలిసింది ఉంగరంలో పెట్టించుకునే ఎర్రరాయి ఒక్కటే. అది ప్రాణమున్న జంతువని, వెలుతురుకు విచ్చుకుంటుందని, నీళ్లు కాస్త వేడెక్కినా ముడుచుకుని చచ్చిపోతుందని ఆ ఇంట్లోనే తెలుసుకున్నాం. మా ఎండల్లో ఆ నీళ్లు వేడెక్కకుండా చూడడమంటే మాటలు కాదు. సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి తొట్టిలో వేసేవాడు. ఫ్రిజ్‌లో పెరుగుకు చోటుండేది కాదు.

తొట్టి కుదురుకున్నాక ధనుంజయ మళ్లీ చెన్నై వెళ్లి ఒక పగడం తెచ్చాడు. పళ్లెమంత వెడల్పుగా విచ్చుకునేది. పచ్చటి వేళ్లు, వేళ్ల కొసల్లో వంకాయ రంగు. ఇంట్లో అందరూ దాన్ని పెద్దపువ్వు అనేవాళ్లు. పొద్దున లేవగానే ఆయన పళ్లు తోమకముందే దాన్ని చూసేవాడు. అది విచ్చుకుని ఉంటే ఆ రోజు అంగడిలో రైతులకు తిట్లు తక్కువ పడేవి.

అసలు తంటా ఆ బేరంలోనే వచ్చింది. మా వైపు ఏది కొన్నా కొసరు అడుగుతాం. శనగలు కొంటే గుప్పెడు, నూనె కొంటే గరిటెడు, పైన పడాల్సిందే. కొసరు లేని బేరం బేరమే కాదు. ధనుంజయ అంగడి వాడు కాబట్టి పట్టుదల మరీ ఎక్కువ. పెద్దపువ్వుకు చెల్లించేశాక, వచ్చీరాని అరవంలో ఆ చెన్నై అంగడాయన్ను కొసరు అడిగాడు. పగడాల అంగడిలో కొసరు అడిగిన మొదటి మనిషి ఈయనే అయ్యుంటాడు. ఆయన నవ్వి, వెనక్కి వెళ్లి, నిమ్మకాయంత రాయి ఒకటి తెచ్చి సంచిలో వేశాడట. దాని మీద మెత్తటి తెల్ల కాడలు నాలుగైదు, ప్రతి కాడ కొసన చిన్న చెయ్యి. అడిగిందే తడవుగా, అంత సంతోషంగా ఇచ్చాడంటేనే ఈయనకు అనుమానం రావాలి. తాను పాత సరుకును ఎట్లా వదిలించుకుంటాడో గుర్తుకు రావాలి. రాలేదు.

ఆ కొసరు పగడం చూడడానికి మాత్రం వింతగా ఉండేది. చేతులు విప్పేది, మూసేది, విప్పేది, మూసేది. గాలి లేదు, పని లేదు, ఊరికే పిడికిళ్లు బిగిస్తూ వదులుతూ ఉండేది. చూడడానికి వీధి వీధంతా వచ్చింది. మొదట్లో రాజ్యలక్ష్మమ్మకు కూడా నచ్చింది. "పాపం, ఏందో అడుగుతాండాయి" అంది. పిడికిళ్లని పేరు పెట్టింది కూడా ఆమే.

నెల తిరిగేసరికి పిడికిళ్లు పక్క రాయెక్కాయి. తర్వాత దాని పక్క రాయి. ధనుంజయ మురిసిపోయాడు. "నా చెయ్యి మంచిది మామా, ఏది పెట్టినా వస్తాది" అన్నాడు. వానాకాలం దాటేసరికి తొట్టిలో సగం రాళ్లు కనబడడం మానేశాయి. ఒకరోజు చూస్తే పిడికిళ్లు పెద్దపువ్వు మొదలు దాకా వచ్చి, ఒక పక్క దాన్ని ఒరుసుకుంటున్నాయి. వాటి చేతులు తగిలిన చోటల్లా పెద్దపువ్వు వేళ్లు లోపలికి లాక్కుని ముడుచుకుంది. అప్పటికి గానీ మా వాడికి తెలియలేదు, అది కలుపని.

ఊరందరి కలుపుకు మందు చెప్పే మనిషి నడవలో కలుపు. ఈ సంగతి అంగడి దాకా పాకింది. రైతులు ఆకులు పట్టుకురావడం మాని, "శెట్టీ, మీ ఇంట్లో గడ్డి ఎట్లుండాది?" అని అడగడం మొదలుపెట్టారు.

రాజ్యలక్ష్మమ్మ సమయం చూసి తన మాట చెప్పేసింది. "ఆ పెద్దపువ్వు ఉన్నన్నాళ్లు నేనేమీ అనను. అది పోయిందంటే మాత్రం తొట్టి గూడా పోవల్ల. నా మిషను నా మూలకు రావల్ల."

"అది యాడికీ పోదు" అన్నాడు ధనుంజయ. కానీ గొంతులో గట్టిదనం లేదు.

నన్ను నెట్ సెంటరుకు తీసుకుపోయాడు. కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు నాకుంది, ఆయనకు అవసరముంది. సెంటరు నడిపే జ్ఞానమణి ఒక మూల కంప్యూటరు చూపించింది. తొట్టెలు పెట్టుకున్న దేశదేశాల వాళ్లు మాట్లాడుకునే చోటొకటి వెతికి, మా గోడు టైపు చేశాను. మర్నాటికి జవాబులు వచ్చాయి. సగం మంది నవ్వారు. మిగిలిన సగం ఇంకా నవ్వారు. ఎక్కడో చలిదేశంలోని పళ్లడాక్టరు ఒకాయన మాత్రం ఓపికగా రాశాడు. దీని పేరు జీనియా. దీన్ని కోయొద్దు. కోసిన ప్రతి ముక్కా ఎక్కడ ఆనితే అక్కడ పాతుకుంటుంది. దీనికి పాకడం ఇష్టం, పాకనివ్వండి. దాని మొదట్లో, వెలుతురు బాగా పడే వైపు ఖాళీ రాయి ఒకటి పెట్టండి. రాయి మీదికి ఎక్కాక, రాయితో సహా బయటికి తీసేయండి.

నేను చదివి చెప్పాను. అచ్చు తీయించి చేతికిచ్చాను. ఇంటికి వచ్చాక రాజ్యలక్ష్మమ్మ అడిగితే ఆమెకూ చెప్పాను.

"కోయకుండా కలుపెట్ల పోతాది మామా?" అన్నాడు ధనుంజయ. "పళ్లు పీకేటోనికి సేద్యమేం తెలుసు?"

"పళ్లు పీకేటోడే కోయొద్దంటాండాడంటే కొంచెం ఆలోచించప్పా."

ఆలోచించలేదు. ఆ సాయంత్రమే రంగన్న అనే శనగ రైతు అంగడికి వచ్చి సలహా ఇచ్చిపోయాడు. "గుంటక తోలు శెట్టీ. మొదలు కోసి ఆడనే ఇడిసిపెట్టు. ఎవురన్నా ఏరుకుంటా కూచుంటారా?"

మెట్టచేలో అది నిజమే. గుంటక కింద ఉండే ఇనుప పాస మట్టిలోపల జారుకుంటూ పోయి కలుపును వేళ్ల దగ్గర కోస్తుంది. కోసిన కలుపు చేలోనే పడి ఉంటుంది. మధ్యాహ్నానికల్లా మా ఎండ దాని సంగతి చూసుకుంటుంది. తాతల నాటి నుంచీ మేము చేసేది ఇదే, మాకు తెలిసిందీ ఇదే. తొట్టిలో ఎండ లేదన్న సంగతి రంగన్నకు తట్టలేదు, ధనుంజయకు తట్టలేదు. నాకు తట్టింది. చెప్పాను కూడా. గుంటక చేతిలో ఉన్న మనిషికి చెవులు పనిచేయవు.

అట్లా సముద్రం దున్నడం జరిగింది. బ్లేడును రాయి మీద ఆనించి, ఈ కొస నుంచి ఆ కొసకు సాలు తప్పకుండా లాగాడు. పిడికిళ్లు తెగి లేస్తుంటే "పోయినాయి చూడు మామా, పోయినాయి" అన్నాడు. తొట్టిలో నీళ్లు తిప్పే మోటరు ఆడుతూనే ఉంది. తెగిన ముక్కలు మోటరు తోసే నీళ్లకు పెండ్లిలో అక్షింతల్లా తొట్టంతా తిరిగాయి. చేపలు భయపడి ఒక మూలకు చేరాయి. ధనుంజయ చేతులు తుడుచుకుని, తృప్తిగా అన్నానికి కూర్చున్నాడు.

పక్షం గడిచేసరికి ప్రతి ముక్కా ఒక మొక్క అయింది. రాళ్ల మీద, అద్దం మీద, మోటరు గొట్టం మీద, ఇసుకలో పడి ఉన్న గవ్వల మీద. తొట్టిలో పాచి తినే నత్త ఒకటుండేది. దాని వీపు మీద కూడా పిడికిళ్లు మొలిచాయి. నత్త నెమ్మదిగా నడుస్తుంటే, వీపు మీద అవి చేతులు ఊపుతూ ఊరేగుతుంటే, తేరు చూసినట్టే ఉండేది. రాజ్యలక్ష్మమ్మ దానికి దండం పెట్టిందని నేను ఊరంతా చెప్పాను. పెట్టలేదు. నవ్వింది, అంతే.

ధనుంజయ నవ్వలేదు. ఆయనకు ఇప్పుడు నిద్రలో కూడా పిడికిళ్లు కనబడుతున్నాయి. "నన్ను చూసి ఎకసెక్కాలాడతాండాయి మామా" అనేవాడు.

తర్వాత సున్నం. ఆకువక్కలోకి వాడే సున్నం పెడితే చస్తాయని ఎవరో నెట్‌లో రాశారు. అది అబద్ధం కాదు. సిరంజితో చుక్క చుక్కగా పెడితే పెట్టిన చోట చచ్చాయి. కానీ చుక్కతో ఆగే మనిషా? మోతాదు ఎక్కువ పోశారని రైతుల్ని నానా మాటలూ అనే ఈ పెద్దమనిషి, ఒక మధ్యాహ్నం సున్నపు డబ్బా మొత్తం ఖాళీ చేశాడు. నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. ఇంట్లో ఉన్న క్యాన్లన్నీ, పక్కింటి క్యాన్లు కూడా, ఉప్పు కలిపి కుమ్మరించారు. ఆ రోజు వాళ్లింట్లో తాగడానికి నీళ్లు లేక మా ఇంట్లో కాఫీ తాగారు. చేపలు బతికాయి. పిడికిళ్లు నాలుగు రోజులు ముడుచుకుని, మళ్లీ చేతులు విప్పాయి. పెద్దపువ్వు మాత్రం విచ్చుకోలేదు. పిడికిళ్లు ఒరుసుకునే వైపు దాని కండ కరిగి, కింద తెల్లటి ఎముక కనబడింది.

మరో వారం ఇట్లాగే సాగితే తొట్టి పోతుందని అందరికీ అర్థమైంది. ధనుంజయకు ముందే అర్థమైంది. అంగడిలో రైతుతో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేవాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అంగడి నుంచి వచ్చిన ధనుంజయ ముందు వాకిలి నుంచి లోపలికి రాడు. సందులోంచి పెరట్లోకి వచ్చి, చొక్కా విప్పి బకెట్లో వేసి, స్నానం చేసి అప్పుడు నడవలోకి వస్తాడు. మందుల వాసన గడప దాటకూడదని పెళ్లైన కొత్తలో పెట్టుకున్న నియమం. ఆ మధ్యాహ్నం నేను నడవలో పేపరు చదువుకుంటూ ఉండగా ఆయన స్నానం లేకుండా, అంగడి చొక్కాతోనే ముందు వాకిట్లో ప్రత్యక్షమయ్యాడు. చేతిలో ఒక చిన్న డబ్బా. దాని మీద విషమని చెప్పే ఎర్రటి గుర్తు.

రాజ్యలక్ష్మమ్మ వసారాలోంచి వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది.

"ఏంటిది?"

"గడ్డి మందు. ఒక్క చుక్క. చెంబు నీళ్లల్లో కలిపి, దూది ముంచి, దాని నెత్తిన అద్దుతా. అంతే."

"పెద్దపువ్వుకు ఏమీ కాదా?"

ధనుంజయ డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"చేపలకు?"

"ఎట్లన్నా పోయేదే గదా" అన్నాడు. "తొట్టి పోవల్లని నువ్వే అంటివి."

"అంటి. ఇప్పుడు గూడా అంటాండా. కానీ మీ చేత్తో చంపి గాదు." డబ్బా వైపు వేలు చూపించింది. "దాని పాటికది చస్తే చావనీ. మీరు చంపినారంటే నూరేండ్లు ఆ ఏడుపు నేను వినాల. నా వల్ల గాదు. ఆ డబ్బా ఎనక్కి తీస్కపోండి."

ఆయన నా వైపు చూశాడు. నేను పేపరు వైపు చూశాను. డబ్బా పట్టుకుని వచ్చిన దారినే పోయాడు.

ఆయన వీధి మలుపు తిరగగానే రాజ్యలక్ష్మమ్మ నన్ను పట్టుకుంది. "అన్నా, ఆ పండ్ల డాక్టరు రాయి పెట్టమన్నాడంటివే, ఎట్లాంటి రాయి?"

"ఏ రాయైనా పర్వాలేదు, సున్నపురాయైతే మేలన్నాడమ్మా."

పెరట్లో వంటింటికి పరచగా మిగిలిన కడప బండ ముక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. కడప బండ కూడా సున్నపురాయే. మా ఊళ్లో ఏ పెరట్లో చూసినా అవే ఉంటాయి. ఆమె వాటిని సుత్తితో అరచేతంత ముక్కలు చేసి, సబ్బు లేకుండా కొబ్బరిపీచుతో తోమి, బియ్యం ఏరే పద్ధతిలో ఒక్కొక్కటే ఏరి, పిడికిళ్ల మొదట్లో, వెలుతురు వైపు పెట్టింది. పెట్టి, తన మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

ధనుంజయ సాయంత్రం స్నానం చేసి వచ్చి చూశాడు. "ఇది జరిగే పని గాదు" అన్నాడు.

చాలా రోజుల దాకా ఆయన మాటే నిజమనిపించింది. తర్వాత ఒక పిడికిలి కడప బండ మీద కాలు పెట్టింది. మరొకటి దాని వెనకే వచ్చింది. వెలుతురు కోసం అవి వరసగా నడిచొచ్చాయి. రాయి నిండాక ఆమె దాన్ని ఎత్తి, నీళ్లు కారుతుండగానే మిద్దె మీదికి తీసుకుపోయి ఎండలో పెట్టేది, ఖాళీ రాయి ఇంకొకటి దించేది. మిద్దె మీద పిడికిళ్లు సాయంత్రానికి బూడిద రంగు పొరలా మిగిలేవి. వాసన మాత్రం మైదుకూరులో ఎన్నడూ లేని చేపల సంత వాసన. పక్కింటివాళ్లు రెండు వారాలు మిద్దె ఎక్కలేదు. నేనైతే బనగానపల్లె దాకా వెళ్లినా నా చొక్కాలోంచి ఆ వాసన వచ్చింది.

ఎండలు ముదిరేనాటికి పెద్దపువ్వు చుట్టూ నేల ఖాళీ అయింది. ఒక ఉదయం అది విచ్చుకుంది. ఒక వైపే. రెండో వైపు తెల్లటి ఎముక అట్లాగే ఉండిపోయింది.

ఆ వెంటనే పంచాయితీ. పంచాయితీకి పెద్దను నేను.

"సగం చచ్చింది. కాబట్టి మూల నాది" అంది రాజ్యలక్ష్మమ్మ.

"సగం బతికుండాది. కాబట్టి తొట్టి ఈడనే ఉంటాది" అన్నాడు ధనుంజయ. "బతికిచ్చింది నేనే గదా."

ఆమె మిద్దె మెట్ల వైపు చూసింది. నేను కూడా చూశాను. ఆయన మాత్రం చూడలేదు.

నా తీర్పు చెప్పాను. సగం చచ్చింది కాబట్టి సగం మూల ఆమెది, సగం బతికింది కాబట్టి సగం మూల తొట్టిది. ఇద్దరికీ నచ్చలేదు, అందుకే అది అమలైంది. తొట్టి అడుగున్నర జరిగింది. మిషను వసారాలోంచి వచ్చి దాని పక్కన కూర్చుంది. తొట్టి మీది లైటు వెలుతురులో ఆమె రవికెలు కుడుతుంది. దారం ఎక్కించడానికి పెరట్లోకి పోనక్కర్లేదు. కుడుతూ కుడుతూ తల ఎత్తి, "ఏమండీ, మోటరు ఎనక ఒకటి మొలిచింది" అంటుంది. ఆయన అన్నం మధ్యలో ఉన్నా లేచి, బండ ముక్క పట్టుకుని వస్తాడు. అది చిన్నగా చేతులు ఊపుతూ ఉంటుంది. ఇద్దరూ దాన్ని తిడతారు. పూర్తిగా వదిలించుకున్నవాళ్లెవరూ ప్రపంచంలో లేరని పళ్లడాక్టరు కూడా రాశాడు.

ఇదంతా రాసి, తప్పులుంటే చెప్తాడు కదా అని ధనుంజయ అంగడికి పట్టుకెళ్లి చదివి వినిపించాను. ఐదారు మంది రైతులు కూడా విన్నారు. రంగన్న మధ్యలో దగ్గాడు. ధనుంజయ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, చివరిదాకా విని, రైతుల వైపు తిరిగాడు.

"ఈయప్ప చెప్పేదేదీ నమ్మాకండి. నేను చెన్నై మొగమే చూడలేదు. మా ఇంట్లో తొట్టీ లేదు, చేపలూ లేవు. మేం శాకాహారులం."